ఏడు జెర్సీలున్నాయి సరే, కాగితాలెన్ని ఉన్నాయి?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర ఒక ఊరు. మా ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు. వయసు 29. లెఫ్ట్ బ్యాక్, అంటే వెనక ఎడమ వైపు కాపు కాసే చోట ఆడతాడు. తొమ్మిదేళ్లలో ఏడు టీములు మారాడు. హైదరాబాద్‌లో మూడు, బెంగళూరులో రెండు, గోవాలో ఒకటి, కోల్‌కతాలో ఒకటి. మధ్యలో రెండేళ్లు కేరళ పోయి సెవెన్స్, అంటే ఏడుగురేసి ఆడే ఫుట్‌బాల్, ఆడాడు. పెద్ద లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, టీవీలో ఎప్పుడూ కనిపించలేదు. పోయిన ఏడాది ఆడిన టీము మూడు నెలల జీతం ఇవ్వలేదు. ఇప్పుడు బెంగళూరులో తను ఇంతకుముందు ఆడిన టీమే మళ్లీ రమ్మంటోంది. నవంబరు నుంచి మార్చి దాకా ఐదు నెలలు, నెలకు పాతిక వేలు, తిండి, బస వాళ్లదే. మా అన్నయ్యేమో మిర్యాలగూడ రైస్ మిల్లులో సూపర్‌వైజర్ పని ఇప్పిస్తానంటున్నాడు, నెలకు పద్దెనిమిది వేలు. డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. పాపకు నాలుగేళ్లు. మా అత్తమ్మ "నువ్వు ఆపకపోతే ఇంకెవరు ఆపుతారు" అంటుంది. ఇనుప పెట్టెలో ఏడు జెర్సీలు మడతపెట్టి దాచుకున్నాడు. ఆ పెట్టె చూస్తే నాకు ఏడుపొస్తుంది. ఈ తొమ్మిదేళ్లకు విలువ ఏమైనా ఉందా? నేను ఆపాలా, పంపాలా?

జవాబు: బిడ్డా, పంపించు. కానీ ఆ పెట్టెలో జెర్సీల పక్కన కొన్ని కాగితాలు చేరాకే రైలెక్కనివ్వు. ఏ కాగితాలో తర్వాత చెబుతాను. ముందు నీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాట, విలువ అన్నావే, దాని గురించి మాట్లాడుకుందాం.

నువ్వు ఒక మాట రాసి అలా దాటేసి పోయావు. ఇంతకుముందు ఆడిన టీమే మళ్లీ పిలుస్తోంది అని. నేను అక్కడే ఆగిపోయాను. ఫుట్‌బాల్‌లో ఒకసారి పిలవడానికి వంద కారణాలుంటాయి. ఎవరో చెప్పి ఉండొచ్చు, ఎవరికో దెబ్బ తగిలి చోటు ఖాళీ అయి ఉండొచ్చు. రెండోసారి పిలవడానికి కారణం ఒక్కటే. ఆ మనిషి పని వాళ్లు చూశారు, బాగుందనుకున్నారు. ప్రతి ఏడాదీ ఇరవై ఏళ్ల కుర్రాళ్లు పదుల సంఖ్యలో ట్రయల్స్‌కు వచ్చి నిలబడే చోట, 29 ఏళ్ల లెఫ్ట్ బ్యాక్‌కు ఫోన్ చేసి రమ్మంటున్నారంటే అది చిన్న విషయం కాదు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు ఆట నేర్పాను. నా దగ్గర బాగా ఆడినవాళ్లలో చాలామంది ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే బూట్లు పక్కన పెట్టేశారు. ఆట రాక కాదు, ఆటలో బతుకు కనపడక. మీ ఆయన అదే ఆటలో తొమ్మిదేళ్లు జీతం తెచ్చుకున్నాడు.

మాది పాలమూరు. మా నాయన గుంపు మేస్త్రీ వెంట ప్రాజెక్టు పనులకు పోయినవాడు. కాలువలు తవ్వాడు, డ్యాముల దగ్గర రాళ్లు మోశాడు. ఏ డ్యాము మీదా ఆయన పేరు లేదు. ఊళ్లోకి వచ్చినప్పుడు ఎవరూ "నీ పేరు శిలాఫలకం మీద ఉందా" అని అడగలేదు. "ఈసారి ఎన్ని నెలలు పని దొరికింది, మేస్త్రీ లెక్క సరిగ్గా తేల్చాడా" అని అడిగారు. అవే సరైన ప్రశ్నలు. ఆటగాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనవాళ్లు టీవీలో కనిపించావా అని అడుగుతారు. నేను ఎనభైల్లో హైదరాబాద్ లీగులో లెఫ్ట్ హాఫ్ ఆడాను. పదకొండేళ్లలో ఆరు టీములు. సంచి భుజాన వేసుకుని బయల్దేరుతుంటే మా నాయన గడప దగ్గర నిలబడి చూసేవాడు. ఒకరోజు అన్నాడు, "నువ్వూ నా లెక్కనే పోతున్నవు బిడ్డా, అడ్వాన్సు తీసుకుంటివా?" అని. నా జీవితంలో నా ఆటను పని అని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే.

కనిపించడం సంగతికి వస్తాను. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీము. ఆ టీమును తయారుచేసింది సయ్యద్ అబ్దుల్ రహీం. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకాలు వచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. రహీం గారి పేరు ఈ మధ్య చాలామందికి తెలిసింది, సంతోషం. మరి ఆ ఐదు రోవర్స్ కప్పుల్లో వెనక నిలబడి ఆపినవాళ్ల పేర్లు ఊళ్లో ఎవరినైనా అడిగి చూడు. చెప్పలేరు. వాళ్లు లేకుండా ఆ కప్పుల్లో ఒక్కటి కూడా వచ్చేది కాదు. రహీం గారు బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారని పాతవాళ్లు చెప్పేవాళ్లు. ఎడమ వైపు ఆడేవాడి కష్టం తెలిసిన మనిషి ఆయన.

టీములు మారడం గురించి మీ అత్తమ్మకు ఏదైనా అనుమానం ఉంటే హబీబ్ సంగతి చెప్పు. మహ్మద్ హబీబ్ మన హైదరాబాద్ మనిషి. 1966లో కోల్‌కతా పోయి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. తర్వాత మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఈ మూడింటి మధ్యనే ఎన్నోసార్లు మారాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ తరఫున ఆడాడు, మ్యాచ్ 2-2తో సమం అయింది. అంతటి ఆటగాడు కూడా ఏడాదేడాది ఏ జెర్సీ వేసుకోవాలో తేల్చుకోవాల్సి వచ్చింది. నిలకడ లేనివాడని ఎవరూ అనలేదు. కోల్‌కతాలో బడే మియా అని పిలుచుకున్నారు.

అయితే ఆ కాలానికీ ఈ కాలానికీ ఒక పెద్ద తేడా ఉంది. మీ ఇంట్లో టెన్షన్‌కు అసలు కారణం అదే. అప్పుడు చాలామంది ఆటగాళ్లకు పోలీసు, రైల్వే, బ్యాంకు, ఏదో ఒక ఉద్యోగం ఉండేది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఎంత గొప్ప ఆటగాడో నీకు తెలిసే ఉంటుంది. ఊపిరితిత్తుల జబ్బుతో 1963లోనే, ఇరవయ్యారు, ఇరవయ్యేడేళ్ల వయసులో ఆట ఆపాల్సి వచ్చింది. ఆట పోయింది కానీ చేతిలో రైల్వే ఉద్యోగం మిగిలింది. ఇప్పుడు ఆ డిపార్ట్‌మెంట్ టీములు చాలావరకు బలహీనపడ్డాయి. వాటి చోట క్లబ్బులు, కాంట్రాక్టులు వచ్చాయి. క్లబ్బు నడిపేవాడికి డబ్బు అయిపోతే ఆటగాడి జీతం ఆగిపోతుంది. ఇది చిన్న క్లబ్బుల గోడు మాత్రమే అనుకోకు. 2022 మార్చిలో దేశంలోని పెద్ద లీగు ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది ఐఎస్‌ఎల్ సీజనే సమయానికి మొదలుకాక కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. పోయిన ఏడాది మూడు నెలల జీతం రాలేదంటే అది మీ ఆయన చేతకానితనం కాదు. ఆయన చేస్తున్న పని అంత అస్థిరంగా ఉంది. ఈ మాట నువ్వు ఆయనతో నోరు తెరిచి చెప్పాలి. ఇంట్లో ఎవరూ ఇంతవరకు చెప్పి ఉండరు.

ఇప్పుడు కాగితాల సంగతి. ముందు నాకు జరిగింది చెబుతాను. ఆట ఆపేశాక ఒక చోట వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఆడిన సర్టిఫికెట్లు తెమ్మన్నారు. నాలుగేళ్లు ఆడిన టీము అప్పటికి మూతపడింది. దాని సెక్రటరీ చనిపోయాడు. ఇంకో టీము వాళ్లు "నువ్వు మా దగ్గర ఆడావని మాకు తెలుసు, కానీ రిజిస్టరు లేదు" అన్నారు. పదకొండేళ్ల ఆటకు నా దగ్గర ఒక గ్రూప్ ఫోటో, మోకాలి మీద రెండు కుట్ల మచ్చలు తప్ప ఏమీ లేవు. ఆ ఉద్యోగం పోయింది. మళ్లీ చదువుకుని ఇంకో ఉద్యోగం తెచ్చుకోవడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లు మా ఇంటిది కుట్టుమిషన్ మీద ఇల్లు నడిపింది. నీ పెట్టెలో జెర్సీలు చూసి నువ్వు ఏడ్చావని చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

బెంగళూరు వాళ్లు ఒక ఫారం పంపుతారు లేదా అక్కడికి పోయాక సంతకం పెట్టిస్తారు. అందులో ప్రొఫెషనల్ అని ఉందా, అమెచ్యూర్ అని ఉందా చూడాలి. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాల ప్రకారం రాతపూర్వకమైన కాంట్రాక్టు ఉండి, ఆటకు అయ్యే ఖర్చుల కంటే ఎక్కువ డబ్బు తీసుకునేవాడే ప్రొఫెషనల్. మిగతా అందరూ అమెచ్యూర్లే. చాలా చిన్న క్లబ్బులు నెలకు ఇంత అని నోటిమాటగా చెప్పి, అమెచ్యూర్ ఫారం మీద సంతకం పెట్టిస్తాయి. అప్పుడు జీతం ఆగితే "కాంట్రాక్టు చూపించు" అంటారు, చూపించడానికి ఏమీ ఉండదు. పోయిన ఏడాది మూడు నెలల జీతం పోయింది కదా, అప్పుడు సంతకం పెట్టింది ఏ ఫారం మీదో మీ ఆయన్ని అడుగు.

నెలకు పాతిక వేలు, ఏ తారీఖులోపు, ఏ ఖాతాలోకి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఆ నెలల జీతం వస్తుందా రాదా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. రెండు వైపులా సంతకాలున్న ఒక ప్రతి ఆయన దగ్గర ఉండాలి. దాని ఫోటో నీ ఫోన్‌లో ఉండాలి. ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ సెంట్రల్ రిజిస్ట్రేషన్ సిస్టంలో తన పేరు ఆ క్లబ్ కింద నమోదైందో లేదో కూడా ఆయన చూసుకోవాలి. ఆ నమోదే రేపు ఆయన ఆడాడనడానికి సాక్ష్యం. నాకు దొరకనిది అదే. జీతం నగదుగా చేతికిస్తామంటే ఒప్పుకోవద్దు, బ్యాంకులో వేయమనాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ అబద్ధం చెప్పదు.

జీతం ఆగితే ఏం చేయాలన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. ఫిఫా నియమాల్లో ఒకటుంది. క్లబ్ కనీసం రెండు నెలల జీతం అన్యాయంగా ఆపితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, బాకీ తీర్చడానికి కనీసం 15 రోజులు గడువు ఇవ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతే తన తప్పు లేకుండా కాంట్రాక్టు నుంచి బయటికి రావచ్చు. ఫెడరేషన్‌లో ఆటగాళ్ల వివాదాలు చూసే ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ఉంది. బైచుంగ్ భూటియా వాళ్లు 2006లో మొదలుపెట్టిన ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కూడా ఉంది. పోయిన ఏడాది బాకీ గురించి ఆయన దగ్గర ఏ చిన్న కాగితం ఉన్నా, వాట్సాప్ మెసేజ్ ఉన్నా సరే, వాళ్లకు రాయమను. మూడు నెలలూ ఓర్చుకుని ఊరుకోవడం మన ఆటగాళ్లకు అలవాటైపోయింది. నేనూ అలాగే ఊరుకున్నాను. అది మంచితనం అనుకున్నాను. ఇంట్లో పిల్లల పాల డబ్బులు అవి.

కేరళ సెవెన్స్ గురించి ఒక్క మాట. మలప్పురం వైపు కోతలైన పొలాల్లో, మైదానాల్లో తాత్కాలికంగా గ్యాలరీలు కట్టి, రాత్రి లైట్ల కింద ఏడుగురేసి ఆడే ఆ ఆటను నేను చూశాను. జనం చూపించే ప్రేమ మామూలుగా ఉండదు. మ్యాచ్‌కింత అని చేతిలో పెడతారు. ఆఫ్రికా నుంచి కూడా వచ్చి ఆడతారు. మీ ఆయన అక్కడ రెండేళ్లు ఆడాడంటే కాళ్లలో ఎంత బలముందో నాకు అర్థమైంది. కానీ ఆ గ్రౌండ్లు గట్టిగా ఉంటాయి, రాత్రి రాత్రికీ మ్యాచ్ ఉంటుంది, అది ఫెడరేషన్ లెక్కలోకి రాని ఆట. మోకాలి లిగమెంట్ పోతే అడిగే నాథుడుండడు. బెంగళూరు కాంట్రాక్టు ఉన్న ఐదు నెలల్లో రెండు రోజులు సెలవు దొరికిందని సెవెన్స్‌కు పోనివ్వకు. ఇందులో మాత్రం గట్టిగా ఉండు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. బెంగళూరు ఐదు నెలలు అంటే లక్షా పాతిక వేలు. మిల్లు పన్నెండు నెలలు అంటే రెండు లక్షల పదహారు వేలు. విడివిడిగా చూస్తే మిల్లే నయం. కానీ సీజన్ మార్చిలో అయిపోతుంది. యాసంగి వడ్లు మిల్లులకు ఏప్రిల్ నుంచి వస్తాయి. మిల్లుకు మనిషి అవసరం ఎప్పుడుంటుందో మీ అన్నయ్యకు నాకంటే బాగా తెలుసు. వానకాలం పంట వచ్చే నవంబరులో మనిషి కావాలని ఆయన ఇప్పుడే చేరమంటున్నాడేమో. ఏప్రిల్ నుంచి వస్తాడు, ఆ తర్వాత ఏడు నెలలు ఉంటాడు అని అడిగి చూడు. ఒప్పుకుంటే ఏడాదికి రెండున్నర లక్షలు దాటుతుంది. అడిగేటప్పుడు మీ ఆయన్ని పక్కన పెట్టుకుని అడుగు. నువ్వొక్కదానివే పోయి అడిగితే బావ మీద జాలిపడి పని ఇచ్చినట్టవుతుంది. రేపు మిల్లులో ఆయన తలెత్తుకుని నడవాలి కదా. మీ అన్నయ్య కుదరదంటే? అప్పుడు కూడా నేను పంపించమనే అంటాను, జీతం బ్యాంకులో పడే కాంట్రాక్టు ఉంటేనే. అది లేకపోతే మిల్లే మేలు. నాకు ఆట మీద ఎంత ప్రేమ ఉన్నా ఇంకోలా చెప్పలేను.

తర్వాత ఏమిటి? రైల్వే స్పోర్ట్స్ కోటాకు వయసు 25 దాటకూడదు, ఆ దారి మూసుకుపోయింది. దాని గురించి ఎవరైనా డబ్బు తీసుకుని ఇప్పిస్తామంటే నమ్మొద్దు. తెరిచి ఉన్న దారి కోచింగ్. ఫెడరేషన్ కోచింగ్ లైసెన్సులు ఈ, డీల దగ్గర మొదలై సీ, బీ, ఏ, ప్రో దాకా పోతాయి. డీ కోర్సు వారం లోపు అయిపోతుంది. బెంగళూరులో ఉండగానే కోర్సు ఎక్కడ, ఎప్పుడు పెడుతున్నారో కనుక్కోమను. ఏడు టీముల్లో ఏడెనిమిది మంది కోచ్‌ల పద్ధతులు చూసినవాడు ఆయన. అది పుస్తకంలో దొరికే చదువు కాదు. రెండో దారి చదువు. వ్యాయామ ఉపాధ్యాయుడు కావడానికి ఇంటర్ ఉంటే డీపీఈడీ, డిగ్రీ ఉంటే బీపీఈడీ చేయొచ్చు. రెండూ రెండేళ్ల కోర్సులే. ప్రవేశం పీఈసెట్ ద్వారా. అందులో పరుగు, దూకడం లాంటి పరీక్షలతో పాటు ఆట నైపుణ్యం పరీక్ష కూడా ఉంటుంది, మీ ఆయనకు అది కష్టమే కాదు. ఆగిపోయిన డిగ్రీని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో పూర్తిచేసే వీలుందేమో నల్లగొండ వెళ్లినప్పుడు అడగమను. స్కూళ్లలో, గురుకులాల్లో ఆట నేర్పాలంటే డీపీఈడీ గానీ బీపీఈడీ గానీ కావాలి.

లుట్జ్ ఫానెన్‌స్టీల్ అని ఒక జర్మన్ గోల్‌కీపర్ ఉన్నాడు. పెద్ద పేరున్నవాడు కాదు. పాతిక క్లబ్బులు తిరిగాడు. ఫిఫా ప్రపంచాన్ని ఆరు సమాఖ్యలుగా విడదీస్తే, ఆ ఆరింటిలోనూ ప్రొఫెషనల్‌గా ఆడిన మొదటి మనిషి అతను. 2002లో ఇంగ్లండ్‌లో ఒక మ్యాచ్ మధ్యలో దెబ్బ తగిలి ఊపిరి ఆగిపోతే గ్రౌండ్‌లోనే బతికించారు. మళ్లీ ఆడాడు. ఆట అయిపోయాక ఊళ్లు తిరిగిన ఆ అనుభవమే అతనికి ఉద్యోగమైంది. ఆటగాళ్లను వెతికే పనిలో చేరి, జర్మనీలో, తర్వాత అమెరికాలో క్లబ్బులకు స్పోర్టింగ్ డైరెక్టర్ అయ్యాడు. మీ ఆయన అంత దూరం పోతాడని చెప్పడం లేదు. ఏడు చోట్ల ఏడు రకాల మనుషులతో కలిసి పనిచేసిన అనుభవాన్ని కొనేవాళ్లు కూడా ఉంటారని చెబుతున్నాను.

ఇక ఆ పెట్టె. ఈ వారంలో ఒక రాత్రి అన్నం తిన్నాక పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ పెట్టె తెరిపించు. ఒక్కో జెర్సీ బయటికి తీసి, ఇది ఏ టీము, ఏ సంవత్సరం, ఎన్ని మ్యాచ్‌లు, కోచ్ ఎవరు, ఆయన ఫోన్ నంబరు ఉందా, జీతం ఎంత, ఎందుకు వదిలేశావు అని అడుగు. ఆయన చెబుతుంటే నువ్వు నోట్‌బుక్‌లో రాయి. పాత మ్యాచ్‌ల ఫోటోలు, వీడియోలు ఎవరి ఫోన్లో ఉన్నాయో కూడా రాయి. ఆ టీముల్లో ఇప్పటికీ నడుస్తున్న వాటికి మరుసటి రోజే ఫోన్ చేసి, ఆడినట్టు లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం అడగమను. అడిగితే ఇస్తారు, మనవాళ్లు అడగరు. కొన్ని టీముల గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. అప్పుడు రాయడం ఆపి విను. నీకు తెలియని తొమ్మిదేళ్లు ఆ పెట్టెలో ఉన్నాయి.

బెంగళూరు నుంచి ఫారం రాగానే ప్రతి పేజీ ఫోటో తీసి నాకు పంపించు. ఆధార్ నంబరు, ఖాతా నంబరు మీద వేలు పెట్టి కప్పెయ్యి. సంతకం పెట్టాక కాదు, ముందే. కనీసం వారం రోజులు ఉండేలా పంపితే ఏ మాట మార్పించాలో చూసి చెబుతాను.